నమ్మనివాళ్లకీ గిట్టుబాటయ్యే పనులు

"ఎండలు ఎప్పుడు లేవు? రోహిణి కార్తెల రోళ్లు పలుగుతయని తాతలనాటి నుంచి అంటనే ఉన్నరు. ఇప్పుడు కొత్తగ భూమి వేడెక్కుడేంది?"

నల్లగొండలోనో పాలమూరులోనో మే నెలలో వాతావరణ మార్పు మాట ఎత్తితే ముందుగా వినిపించే జవాబు ఇదే. దీన్ని అజ్ఞానమని కొట్టిపారేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఆ మాటలో సగం నిజముంది. ఇక్కడి ఎండలు కొత్తవి కావు, కరువులు అసలే కొత్తవి కావు. గంజి కేంద్రాలు, వలసలు చూసిన పాలమూరుకి పట్నం నుంచి ఎవరో వచ్చి "ప్రకృతి మారిపోతోంది" అని చెప్తే నవ్వు రాక ఏమొస్తుంది? అనుమానపడే మనిషి అడిగేది రుజువు. మనం ఇస్తున్నది నినాదం.

రుజువు మాట్లాడాలంటే ముందు లెక్క ఉన్నదున్నట్టు చెప్పాలి. 1901 నుంచి 2018 వరకు మన దేశ సగటు ఉష్ణోగ్రత పెరిగింది సుమారు 0.7 డిగ్రీలు. ప్రపంచ సగటు అంతకంటే ఎక్కువే పెరిగింది. మన దగ్గర తక్కువ ఉండటానికి కారణాల్లో పొగ, ధూళి ఒకటి (అవి ఎండని కొంత అడ్డుకుంటాయి), పెరిగిన సాగునీటి తడి ఇంకొకటి. గాలి శుభ్రమైతే ఆ అడ్డు కూడా తొలగుతుంది. 0.7 అంటే ఇంతేనా అనిపిస్తుంది. కానీ అది ఏడాది పొడవునా, దేశమంతటా తీసిన సగటు. సగటు కొద్దిగా జరిగితే అంచున ఉండే విపరీతమైన వేడి రోజులు బాగా పెరుగుతాయి. 44 డిగ్రీలు ఒకటి రెండు రోజులు ఉండి పోవడం వేరు, వరసగా వారం ఉండటం వేరు. వడదెబ్బకి మనుషులు పోయేది ఆ వరసలోనే, అందులోనూ రాత్రి చల్లబడనప్పుడు. 2015 మేలో దేశంలో వడగాడ్పులకి రెండు వేల మందికి పైగా చనిపోతే అందులో ఎక్కువమంది తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వాళ్లే. సామెత చెప్పేది ఒక కార్తె గురించి. ఇక్కడ తేలాల్సింది ఆ కార్తె లక్షణాలు ఎన్నాళ్లు ముందే మొదలై ఎన్నాళ్లు సాగుతున్నాయన్నది.

రెండో అనుమానం సూర్యుడి మీద. ఎండ కాసేది సూర్యుడే కాబట్టి న్యాయమైన అనుమానమే. 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యుడి నుంచి వచ్చే శక్తిని కొలుస్తూనే ఉన్నాయి. పదకొండేళ్లకోసారి కాస్త ఎక్కువ తక్కువలు తప్ప పెరుగుదల లేదు. పైగా సూర్యుడే కారణమైతే వాతావరణం కింది నుంచి పై దాకా వేడెక్కాలి. జరుగుతున్నది వేరు: నేల దగ్గర పొర వేడెక్కుతోంది, పైన స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. వేడి కింద చిక్కుకుంటేనే ఇలా ఉంటుంది.

ఆ చిక్కించే వాయువు (కార్బన్ డయాక్సైడ్) మనం కాల్చగా వచ్చినదేనా, అగ్నిపర్వతాలదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. అగ్నిపర్వతాలు ఏటా వదిలేది మనం వదిలేదాంట్లో ఒక్క శాతం కూడా ఉండదు. ఇంకా గట్టి ఆధారం కార్బన్‌లోనే ఉంది. బొగ్గు కోట్ల ఏళ్ల నాటి చెట్టు. కార్బన్ 14 అనే రకం 5,730 ఏళ్లకి సగమవుతుంది కాబట్టి బొగ్గులో అది మిగిలే ప్రశ్నే లేదు. బొగ్గు, పెట్రోలు కాల్చేకొద్దీ గాలిలోని కార్బన్‌లో ఆ రకం పాలు ఎంత పలచబడాలో అంతా పలచబడుతూ వచ్చింది. 1950ల అణు పరీక్షలతో మధ్యలో ఒకసారి పెరిగిందిగానీ, ఆ ముందరి తగ్గుదలనే శాస్త్రవేత్తలు మొదట పట్టుకున్నారు.

"గాలిలో నూటికి 0.04 పాలు ఉన్న వాయువు ఏం చేస్తది?" అన్న ప్రశ్న మాత్రం నల్లగొండ మనిషి అడగకూడదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే పది లక్షల పాళ్లలో ఒకటిన్నర పాలు. మర్రిగూడ, మునుగోడు వైపు బోర్లలో అది ఇంకొన్ని పాళ్లు ఎక్కువైనందుకే తరాల ఎముకలు వంగాయి. కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో పరిశ్రమలు రాకముందు 280, 1958లో హవాయి కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు 315, ఇప్పుడు 420 దాటింది. గాలిలో 99 శాతం ఉండే నైట్రోజన్, ఆక్సిజన్‌లు నేల వదిలే వేడిని పట్టుకోవు. పట్టుకునేవి కొద్దిపాటి వాయువులే కాబట్టి అందులో ఒకటి సగం పెరగడం చిన్న విషయం కాదు. ఇది నిన్నమొన్న పార్టీల గొడవలో పుట్టిన మాటా కాదు. కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టుకుంటుందని యూనిస్ ఫుట్ 1856లో, జాన్ టిండాల్ 1859లో ప్రయోగాలు చేసి చూపించారు. దానివల్ల భూమి ఎంత వేడెక్కుతుందో 1896లో అర్హీనియస్ కాగితం మీద లెక్క కట్టాడు.

ఇంతవరకు అనుమానపడేవాళ్లకి జవాబు. ఇప్పుడు మనవైపు వాళ్ల తప్పు చెప్పాలి, ఎందుకంటే అనుమానాన్ని ఎక్కువగా పెంచుతున్నది అదే. ఏది జరిగినా వాతావరణ మార్పు ఖాతాలో రాయడం అలవాటైపోయింది. బోరు ఎండితే వాతావరణ మార్పు, కాలనీ మునిగితే వాతావరణ మార్పు, బత్తాయి తోట ఎండితే అదే. మన కింద ఉన్నది గ్రానైటు రాయి. నీళ్లు ఉండేది పైన చివికిన పొరలో, రాతి పగుళ్లలో మాత్రమే. 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన పడే చోట ఎకరం ఎకరానికీ ఒక బోరు దింపి యాసంగిలో కూడా వరి పెడితే, వాన మామూలుగా పడినా బోరు ఎండుతుంది. కాలనీ మునగడానికి ముందు చూడాల్సింది అది చెరువు శిఖంలో (నీళ్లు నిలిచే నేలలో) ఉందా, మత్తడి (అలుగు) వాగు ఏమైంది అన్నది. 2024 సెప్టెంబరు 1 వానకి కోదాడ మునిగింది, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకి గండి పడింది. ఒక డిగ్రీ వేడెక్కితే గాలి ఏడు శాతం ఎక్కువ ఆవిరి మోయగలదు కాబట్టి అలాంటి కుండపోతలకి అవకాశం పెరుగుతుందని చెప్పవచ్చు. ఆ ఒక్క వాననీ పట్టుకుని ఇదే రుజువు అనకూడదు. అలా అంటే ఆక్రమించినవాడూ, కట్ట మీద తుమ్మచెట్లు పీకించనివాడూ కలిసి బయటపడతారు. నాయకులకి ఈ మధ్య వాతావరణ మార్పు అంత ఇష్టం ఎందుకయిందో ఆలోచించండి.

ఇంకో అనుమానం నాకు అనుమానంలాగే కనిపించదు, న్యాయంలా కనిపిస్తుంది: "కాల్చినోళ్లు వాళ్లు, కడుపు కట్టుకోవాల్సింది మేమా?" మన దేశంలో మనిషికి ఏటా రెండు టన్నుల చొప్పున కార్బన్ డయాక్సైడ్ పడుతుంది, అమెరికాలో 14 టన్నుల దాకా. ఇప్పటిదాకా ప్రపంచం మొత్తం కాల్చిన దాంట్లో సుమారు పాతిక శాతం అమెరికాదే. కాబట్టి త్యాగం చేయమని దామరచర్ల రైతుకి చెప్పే హక్కు ఎవరికీ లేదు. అందుకే ఇక్కడ చేయదగిన పనులకి నేను పెట్టే షరతు ఒకటే: భూమి వేడెక్కుతోందని అస్సలు నమ్మని మనిషికి కూడా అవి గిట్టుబాటు కావాలి.

అన్నిటికంటే సులువు స్లాబు. మే మిట్టమధ్యాహ్నం చదరపు మీటరుకి సుమారు 900 వాట్ల ఎండ పడుతుంది. వెయ్యి చదరపు అడుగుల స్లాబంటే 93 చదరపు మీటర్లు, అంటే 84 కిలోవాట్లు. పాతబడ్డ సిమెంటు స్లాబు అందులో మూడింట రెండొంతులకి పైగా మింగి, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా కిందికి వదులుతుంది. రాత్రి తొమ్మిదికి ఫ్యాను వేస్తే వేడిగాలి కొట్టేది అందుకే. బాగా తెల్లగా ఉన్న పూత ఎండలో ఎక్కువ భాగాన్ని తిప్పి పంపుతుంది. ఇంట్లో రెండు నుంచి అయిదు డిగ్రీల దాకా తగ్గుతుంది. పై అంతస్తులోనే తేడా తెలుస్తుంది, కింది వాటాలో ఉన్నవాళ్లకి ఏమీ తెలియదు.

సున్నంతో చేస్తే ఖర్చు తక్కువ. మూడు పూతలకి వెయ్యి అడుగులకి సుమారు 25 కిలోల సున్నం పడుతుంది. కిలోకి అయిదు లీటర్ల నీళ్ల చొప్పున నానబెట్టి, కనీసం ఒక రోజు వదిలేసి, గుడ్డతో వడకట్టి, బంకో ఫెవికాల్ లాంటి జిగురో కలపాలి. జిగురు లేకపోతే నడిచిన కాలికల్లా తెల్లపొడి అంటుకుని వస్తుంది. ముందు స్లాబు మీద నాచు గీకి, పగుళ్లు పూడ్చి, కడిగి, తడి ఉండగానే సాయంత్రం పూట వేయాలి. మధ్యాహ్నం కాలిపోతున్న స్లాబు మీద వేస్తే నీళ్లు క్షణంలో ఆవిరై సున్నం గట్టిపడకుండానే పొడిగా రాలిపోతుంది. ఎక్కువగా పనిచెడేది ఇక్కడే. ఒక పూత అడ్డంగా వేస్తే ఇంకోటి నిలువుగా వేయాలి, మధ్యలో ఆరనివ్వాలి. కంట్లో పడితే కాలుతుంది, అద్దాలు పెట్టుకోవాలి. వానకాలానికి ఇది కొట్టుకుపోతుంది, మళ్లీ ఫిబ్రవరి చివర్లో వేసుకోవాలి. అంత ఓపిక లేనివాళ్లు డబ్బాల్లో దొరికే తెల్ల కూల్‌రూఫ్ పెయింటు వేస్తే కొన్నేళ్లు ఆగుతుంది, కాకపోతే వెయ్యి అడుగులకి 40 నుంచి 50 లీటర్లు పడుతుంది. ఏదైనా దుమ్ము పడితే తెలుపు తగ్గుతుంది, ఎండాకాలంలో నెలకోసారి ఊడ్చాలి. సిమెంటు రేకులైతే ఒక జాగ్రత్త: పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, పొడిగా ఉన్నప్పుడు వైరు బ్రష్‌తో గీకకూడదు. తడిపి మెత్తగా తుడవాలి. బోల్టులు ఉన్న వరస మీద పలక వేసుకునే నడవాలి, లేకపోతే రేకు పగిలి మనిషి ఇంట్లో పడతాడు. రాష్ట్రంలో 2023 నుంచి కూల్‌రూఫ్ పాలసీ ఉంది. రేకుల ఇళ్లకి దాన్ని ఎంత దాకా తీసుకుపోతారన్న దాన్ని బట్టే నేను దానికి మార్కులు వేస్తాను.

రెండోది వరి. నిలవ నీటిలో గాలి ఆడదు. అక్కడ పెరిగే సూక్ష్మజీవులు కుళ్లిన గడ్డిని తిని మీథేన్ వదులుతాయి, అది వరి కాడల్లోంచే పైకి వస్తుంది. పంటకాలమంతా నీళ్లు నిలిపితే ఎకరానికి సుమారు 40 కిలోల మీథేన్. వందేళ్ల లెక్కన మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్ల బలమైనది, అంటే టన్నుకి పైమాటే. మధ్యమధ్యలో ఆరబెట్టి తడిపితే ఇందులో 30 నుంచి 50 శాతం తగ్గుతుంది.

దీనికి కావాల్సింది అడుగు పొడవున్న నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క ఒకటి. కింది 20 సెంటీమీటర్ల మేర చుట్టూ చిన్న రంధ్రాలు వేసి, ఆ భాగాన్ని మడిలోకి దింపాలి, పది సెంటీమీటర్లు పైకి ఉంచాలి. లోపలి మట్టిని అడుగు దాకా తోడేయాలి. చాలామంది ఇది మరిచిపోతారు, అప్పుడు పైపు ఉన్నా మట్టమేదో కనిపించదు. గెట్టుకి మరీ ఆనించకుండా, మడిలో సగటు ఎత్తున్న చోట, చూపు అందేంత దూరంలో పెట్టాలి. నాటు వేశాక రెండు వారాలు నీళ్లు నిలపాల్సిందే, లేకపోతే కలుపు లేస్తుంది. తర్వాత పైపులో నీటిమట్టం నేలకి 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడే మోటరు వేసి, అయిదు సెంటీమీటర్లు నిలిచేలా పెట్టాలి. పైన మట్టి ఆరినట్టు కనపడినా వేర్లకి తడి అందుతూనే ఉంటుంది. ఈనడానికి వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం ఆరబెట్టకూడదు, తాలు పోతుంది.

నల్లరేగడిలో 15 దాకా ఆగితే పగుళ్లు పడి, పెట్టిన నీళ్లన్నీ పగుళ్లలోకే పోతాయి. అక్కడ పది దగ్గరే తడి ఇవ్వాలి. ఎర్ర చెల్కలో నీళ్లు రెండు మూడు రోజుల్లో వాటంతటవే ఇంకుతాయి, అక్కడ పైపు కంటే ముందు వరి వద్దా కంది, పల్లి పెడదామా అన్నది తేల్చుకోవాలి. కాలువ చివరి భూముల్లో వారబందీ (వంతులవారీ) నీళ్లు ఎప్పుడొస్తాయో నమ్మకం లేనప్పుడు రైతు వచ్చినప్పుడే మడి నింపుకుంటాడు, అతన్ని తప్పుపట్టలేం. యూరియా చల్లాక మడి ఆరితే నైట్రస్ ఆక్సైడ్ వస్తుంది, అది కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు. అందుకని ఆరిన మడిలో చల్లి వెంటనే నీళ్లు పెట్టాలి, ఎరువు లోపలికి దిగుతుంది. కోత తర్వాత కొయ్యకాళ్లకి నిప్పు పెడితే చేసిందంతా దండగ.

కరెంటు లెక్క కూడా చూద్దాం. ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లంటే సుమారు 48 లక్షల లీటర్లు. పావు వంతు మిగిలితే 12 లక్షలు. గంటకి 12 వేల లీటర్లు పోసే బోరైతే వంద గంటలు. అయిదు హెచ్‌పీ మోటరు గంటకి నాలుగున్నర యూనిట్లు లాగుతుంది కాబట్టి 450 యూనిట్లు. మన గ్రిడ్డులో యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున మూడు క్వింటాళ్లు. మీథేన్‌తో కలిపి ఎకరానికి పంటకి 0.8 టన్నులు. పెద్ద చెట్టు ఒకటి ఏడాదికి 20 కిలోలు పీల్చుకుంటుందనుకుంటే, ఇది 40 చెట్ల పని. మొక్కలు నాటడం మంచిదే, నీడ కోసం, నేల కోసం. లెక్క కోసమైతే అది ఆలస్యంగా అందే పని, మేకలు మిగిల్చినవాటికే వర్తిస్తుంది.

2004 నుంచి సాగుకి కరెంటు ఉచితం కాబట్టి ఈ 450 యూనిట్లతో రైతుకి ఒక్క రూపాయి మిగలదు. మరి గిట్టుబాటు ఎక్కడ? అదే బోరు కింద ఇంకో పావు ఎకరం పారుతుంది, యాసంగి చివర్లో బోరు ఆగిపోయే ప్రమాదం తగ్గుతుంది, మోటరు కాలే ఖర్చు తగ్గుతుంది. ఆటో స్టార్టరు బిగించి నిద్రపోతే ఇవేవీ జరగవు. ఈ పద్ధతికి కార్బన్ క్రెడిట్లు (తగ్గించిన కాలుష్యానికి వచ్చే డబ్బు) ఇప్పిస్తామని తిరిగే కంపెనీల కాగితం మీద సంతకం పెట్టేముందు ఎన్నేళ్ల ఒప్పందం, వచ్చిందాంట్లో రైతు వాటా ఎంత, కొలిచేది ఎవరు అన్న మూడూ రాసి ఉన్నాయో లేదో చూడాలి.

ఇంటి మీద సోలార్‌కి 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. మూడు కిలోవాట్లకి 300 చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి, రోజుకి సగటున 12 యూనిట్లు వస్తాయి, ఏడాదికి మూడు టన్నుల బొగ్గుపొగ తప్పుతుంది. మేలో సోలార్ పలక 65 డిగ్రీలు దాటుతుంది, 25 మీద ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం తగ్గుతుంది కాబట్టి మండే ఎండలోనే ఏడో వంతు పోతుంది. పలకలకీ స్లాబుకీ మధ్య గాలి ఆడేంత ఎత్తు ఉంచాలి. నీళ్ల ట్యాంకు నీడ ఒక్క పలక మీద పడినా ఆ వరసంతా దెబ్బతింటుంది. మన బోరు నీళ్లతో కడిగి వదిలేస్తే అద్దం మీద తెల్ల చార కట్టి ఊడదు. తెల్లవారి చల్లగా ఉన్నప్పుడు కడిగి, వైపరుతో నీళ్లు లాగేయాలి. వైర్లు పైపులో వేయకపోతే కోతులు పీకుతాయి. కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది, లైను మీద పనిచేసేవాళ్లకి షాకు కొట్టకుండా ఇన్వర్టరు తనే ఆపుతుంది. అమ్మేవాడు ఈ మాట ముందే చెప్పడు కాబట్టి నేను చెప్తున్నాను.

ఇక పెద్ద లెక్క. దామరచర్ల మండలం వీర్లపాలెంలో యాదాద్రి థర్మల్ కేంద్రం 4,000 మెగావాట్లది. 70 శాతం సామర్థ్యంతో నడిస్తే ఏడాదికి 2,450 కోట్ల యూనిట్లు, రెండు కోట్ల టన్నులకి పైగా కార్బన్ డయాక్సైడ్. పైన చెప్పిన వరి పద్ధతితో దీన్ని సరిచేయాలంటే రెండున్నర కోట్ల ఎకరాలు కావాలి, రాష్ట్రంలో రెండు పంటల వరీ కలిపినా అంత లేదు. అందుకే "మనమందరం తలా ఒక మొక్క" అనే మాట వింటే నాకు చిరాకు. ఇల్లు, పొలం చేయగలిగింది చేస్తాయి, మిగతాది గ్రిడ్డులో తేలాలి.

అక్కడ మనకి చేతిలో ఉన్న వసతిని సరిగ్గా వాడుకోవడం లేదు. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఏడు యూనిట్లు, శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల యూనిట్లు ఆరు రివర్సిబుల్ రకం. మధ్యాహ్నం మిగిలిన సోలార్ కరెంటుతో కింది నీళ్లు పైకి తోడి, రాత్రి వదిలి కరెంటు తీయవచ్చు. తోడటానికి పట్టిన కరెంటు కంటే తిరిగొచ్చేది సుమారు పావు వంతు తక్కువ, అయినా బ్యాటరీ కొనే పని లేదు. కింద టెయిల్‌పాండ్‌లో, అంటే డ్యాం దిగువన తోడే నీళ్లు నిలిపే జలాశయంలో, నీళ్లుండాలి, రెండు రాష్ట్రాలూ నీటి వాటాల దగ్గర ఒక మాట మీదుండాలి. కష్టం ఇంజినీరింగులో కంటే అక్కడే ఉంది.

దానికంటే తేలికైనది వ్యవసాయ ఫీడర్లని (పొలాలకి కరెంటు తెచ్చే లైన్లని) సోలార్ దండిగా ఉండే పగటి గంటల్లోకి తేవడం. రాత్రి బాయికాడికి పోయే పని తప్పితే పాము భయం, షాకు భయం తగ్గుతాయి. కానీ 24 గంటల కరెంటు తొమ్మిది గంటలైతే రేపు అది ఆరవుతుందేమోనని రైతు భయపడతాడు. ఉమ్మడి రాష్ట్రంలో ఏడు గంటలని చెప్పి ముక్కలు చేసి అర్ధరాత్రి ఇచ్చిన కరెంటు గుర్తున్నవాళ్లు అలా భయపడటం సహజం. ముందు ఒక సబ్‌స్టేషన్ కింద, పగలు తొమ్మిది గంటలు కోత లేకుండా ఇస్తామని రాసిచ్చి, కోత పడిన ప్రతి గంటకీ రైతు ఖాతాలో ఇంత అని జమచేసే షరతుతో ఒక యాసంగి నడిపి చూపించాలి. ఆ యాసంగిలో ట్రాన్స్‌ఫార్మర్లు ఎన్ని కాలాయో, పగలంతా అందరూ ఒకేసారి మోటర్లు వేస్తే చివరి లైనులో వోల్టేజి ఎంత దిగిందో కూడా రాసి పెట్టాలి. వోల్టేజి నిలబెట్టే కెపాసిటర్లు బిగించకుండా మొదలుపెడితే మొదటి వారంలోనే మోటర్లు కాలతాయి.